నాలుగు వేళ్ల ఎడం

జనగామ,
నవంబరు 1983

చిరంజీవి వెంకట్రాజానికి బావ రాజమౌళి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ లేఖ మన దుకాణం గుమాస్తా సారయ్య చేత రాయిస్తున్నాను. నా కళ్లజోడు కాడ విరిగింది. అక్షరాల అందం సారయ్యది. అభిప్రాయాలకు పూర్తి బాధ్యత నాది.

విషయం: నా పేర లైసెన్సు కలిగిన చిన్న రివాల్వర్ యొక్క ప్రవర్తన.

పూర్వ చరిత్ర నీకు తెలిసినదే అయినా పద్ధతి ప్రకారం మనవి చేస్తున్నాను. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని జనం రోడ్ల మీదికి వచ్చినప్పుడు, ఏ రైలు ఎక్కడ ఆగుతుందో రైలుకే తెలియని ఆ నెలల్లో, కేసముద్రం మార్కెట్టు నుంచి నేను రొక్కంతో ఎడ్లబండి మీద రావలసి వచ్చేది. ప్రాణభయం ఉన్నదని దరఖాస్తు పెట్టుకున్నాను. ఆందోళన చల్లబడి, రైళ్లు దారిలో పడి, నా భయం పూర్తిగా తీరిపోయిన తర్వాత లైసెన్సు మంజూరైంది. ప్రభుత్వం ప్రేమతో ఇచ్చినదాన్ని కాదనడం మర్యాద కాదు గనుక రివాల్వర్ కొన్నాను.

అప్పటి నుంచి అది ఇనప్పెట్టెలో ఉంటుంది. ఏటా దసరాకు బయటికి వచ్చి, తక్కెడలు, తూకపు రాళ్ల పక్కన కూర్చుని పూజ అందుకుని తిరిగి లోపలికి పోతుంది. మా ఇంట్లో అంత నెమ్మదైన జీవితం మరెవరికీ లేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఒక అధికారి ఉత్తర్వు వేశాడు. లైసెన్సుదారులందరూ మార్చి నెలలో మానుకోట పోలీసు మైదానంలో హాజరై గురి చూసి కాల్చాలి. తప్పినవారి ఆయుధం ఠాణాలో జమ అవుతుంది. జనగామ వాళ్లు జనగామలోనే గురి తప్పకూడదా అని సారయ్య అడిగాడు. ఉత్తర్వులో ఆ ప్రస్తావన లేదు.

సాధన కోసం గోదాము వెనక గోడకు కాగితం అంటించి, నడుమ నల్ల చుక్క పెట్టి, సూటిగా చూసి పేల్చాను. కాసేపటికి పక్కింటి కట్టమ్మ వచ్చింది.

"సావుకారీ, దీపావళి పోయె గద, ఇంక పటాకులేంది?"

"పటాకులు గావు కట్టమ్మా, పిస్తోలు."

"గట్లనా! మరి నా దడికి గీ బొక్కేంది?"

ఆమె దడికీ మా కాగితానికీ మధ్య ఒక చింతచెట్టు, ఒక బర్రె ఉన్నాయి. రెండూ క్షేమం. కనుక లోపం ఆయుధంలో ఉన్నదని, చేతిలో లేదని నా నిశ్చితాభిప్రాయం. ఈ వాక్యాన్ని రెండుసార్లు రాయమన్నాను. సారయ్య ఒకసారి రాసి ఊరుకున్నాడు.

రివాల్వర్ పోతే పోనీ. నా చింత అది కాదు. కేసముద్రంలో మా తరం వాళ్లం బేరం ఇప్పటికీ రుమాలు కిందనే చేస్తామని నీవు ఎరుగుదువు. నా చేయి, ఎదుటివాడి చేయి, మీద గుడ్డ. వేలు నొక్కితే ధర. నోరు మెదపం. అక్కడ చేతికి ఉన్న పేరే మనిషికి ఉన్న పేరు. రాజమౌళి చేతికి గురి లేదన్న మాట మానుకోట నుంచి కేసముద్రం చేరడానికి రైలు కూడా అక్కరలేదు. దసరా నుంచి పని ఒత్తిడి వల్ల నేను అటు పోవడం లేదు. సారయ్యను పంపుతున్నాను.

అడవి శాఖలో, స్వాధీనం చేసుకున్న తుపాకుల గదికి తాళంచెవి కలిగిన హెడ్ గుమాస్తావు నీవు. ఈ ఆయుధం చూసిన చోటుకు ఎందుకు కొట్టడం లేదో విచారించి తెలియజేయగలవు.

మీ అక్క వనమాల, నీవు తిన్నావా అని అడగమంది. ఉత్తరం చేరేలోగా చాలాసార్లు తిని ఉంటాడని చెప్పాను. అయినా రాయమంది.

ఆశీస్సులతో,
రాజమౌళి


భూపాలపల్లి,
నవంబరు 1983

పూజ్యులైన బావగారికి వెంకట్రాజం నమస్కారాలు.

సూచిక: తమ లేఖ, సారయ్య దస్తూరీ.

తమ ఫిర్యాదు స్వీకరించబడింది. విచారణకు నా యోగ్యతలు ముందుగా మనవి చేస్తాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. గదిలో వేటగాళ్ల నాటు తుపాకులు చాలా ఉన్నాయి; వాటికి పట్టిన తుప్పును గురించి నేను పంపిన నివేదికలు పైఅధికారుల ప్రశంసకు పాత్రమయ్యాయి. నేను స్వయంగా ఇంతవరకు ఒక్క తూటా పేల్చలేదు. అందువల్ల నా అభిప్రాయంలో పక్షపాతానికి తావు లేదు. ఇది గాక, ఎవరో పాత దొర వదిలిపోయిన తుపాకుల మరమ్మతు పుస్తకం ఒకటి ఆ గదిలో ఉంది. చెదలు తిన్న పుటలు తప్ప మిగిలింది నాకు కంఠస్థం. తమ జవాబు చెదల పాలైన భాగంలో ఉంటే శాఖ బాధ్యత వహించదు.

పుస్తకం ప్రకారం ముందుగా తేల్చవలసింది దోషి చేయా, తుపాకీయా అన్నది. పద్ధతి సులువు. పల్లీల బస్తా ఒకటి ముందు వేసుకుని, మణికట్టు దాని మీద ఆనించి, అదే చుక్కను చూసి తూటాలన్నీ పేల్చండి. ఒకటి పక్కకు పోయిందని రెండోదాన్ని సవరించకండి. తర్వాత కాగితం నాకు పంపండి. చిల్లులు చెల్లాచెదరుగా ఉంటే చేయి. అన్నీ ఒకే చోట గుంపుగా ఉండి, ఆ గుంపు చుక్కకు దూరంగా ఉంటే తుపాకీ. ఈ సూత్రానికి మినహాయింపు లేదు.

కట్టమ్మ దడికి, బర్రెకు నా సానుభూతి. కళ్లజోడు బాగు చేయించండి.

అక్కకు: తిన్నాను. సునంద మా పిల్లల చదువుకని హనుమకొండలో ఉన్నది గనుక నేనే వండుకుని తిన్నాను. ఏమి వండానో చెబితే నీవు రేపే బస్సు ఎక్కుతావు. అందుకని ఆ వివరం గోప్యంగా ఉంచబడింది.

విధేయుడు,
వెంకట్రాజం


జనగామ,
డిసెంబరు 1983

చిరంజీవి వెంకట్రాజానికి ఆశీస్సులు.

నీ ఆదేశాలు అక్షరాలా అమలు చేయబడినవి. పల్లీల బస్తా వేయబడింది. మణికట్టు ఆనించబడింది. ఆరు తూటాలు పేల్చబడినవి. కాగితం జతచేశాను. చేత పట్టుకుని, కూర్చుని చూడు.

ఆరు చిల్లులనూ ఒక రూపాయి బిళ్ల కింద దాచవచ్చు. అయితే ఆ రూపాయి చుక్క మీద లేదు. కుడివైపున, కొంచెం కిందికి, సరిగ్గా నాలుగు వేళ్ల ఎడంలో ఉంది. నీ సూత్రం ప్రకారం, మినహాయింపు లేకుండా, దోషి తుపాకీ. నేను మొదటి లేఖలోనే ఈ మాట అన్నాను. చేతికి సంబంధం లేదు.

"నేను చెప్పలేదా, గదే ఖరాబున్నది," అన్నది మీ అక్క. ఆమె తుపాకుల గురించి ఇంత గట్టిగా మాట్లాడగా ఇదివరకు వినలేదు.

గోడ అవతల నుంచి కట్టమ్మ కూడా అభిప్రాయం వెలిబుచ్చింది: "ఈపాలి సప్పుడు సాపుగున్నది సావుకారీ. నా దడికేం గాలే. గిట్లనే కాల్సుకోన్రి."

నీకు ఒక్కడికి చెబుతున్నాను. ఈ కాగితం చూసినప్పటి నుంచి నాకు అన్నం సహిస్తున్నది. నిన్న సంతోషం పట్టలేక మీ అక్కకు జిలేబీ తెచ్చాను. కారణం అడగకుండా తిన్నది. సారయ్య ఈ రెండు వాక్యాలు రాయడానికి మొహమాటపడ్డాడు. జీతం గుర్తు చేశాను.

ఇక తుపాకీ జబ్బు ఏమిటో చెప్పు.

రాజమౌళి


భూపాలపల్లి,
డిసెంబరు 1983

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

కాగితం అందింది. కూర్చునే చూశాను. మా రేంజరు గారు దాన్ని వెలుతురుకు పట్టి, "ఎవలిదయ్యా గీ చెయ్యి?" అని అడిగారు. మా బావగారిది అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. గౌరవం వల్లనే అని నా నమ్మకం. కుర్చీ కాలు విరిగి ఉన్న మాట కూడా వాస్తవమే.

జబ్బు దొరికిందనుకుంటున్నాను. గొట్టం కొసన, పైభాగంలో, చిన్న ముక్కు లాంటిది ఉంటుంది. షికారీలు దాన్ని మక్ఖీ అంటారు. గురి చూసేవాడు ఆ మక్ఖీని వెనక గాడి నడుమ నిలిపి, చుక్కతో కలుపుతాడు. మక్ఖీ అసలు ఉన్నదానికంటే ఎత్తుగా కనబడితే తూటా కిందికి పోతుంది. ఎడమవైపు లావుగా కనబడితే, చూసేవాడు ఆ లావునంతా నడుమకు తెస్తాడు. గొట్టం తనకు తెలియకుండానే కుడికి తిరుగుతుంది. తమ కాగితం కుడికీ కిందికీ పోయింది. అంటే మక్ఖీకి పైనా, ఎడమనా ఏదో పేరుకున్నది.

ఇప్పుడు ఒక ప్రశ్న. దీన్ని భక్తిశ్రద్ధలతో అడుగుతున్నాను. దసరా పూజలో రివాల్వర్‌కు బొట్టు ఎక్కడ పెడతారు?

కుంకుమ అయితే సూదితో మెల్లగా గీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ అదే పద్ధతిలో కాల్చి కాగితం పంపగలరు. పుస్తకంలో ఈ జబ్బు లేదు. పాత దొరకు దసరా లేనందువల్ల కాబోలు.

కళ్లజోడు బాగైందా? జనగామలో కళ్లజోళ్లు బాగు చేసేవాళ్లు తక్కువని విన్నాను. ఇంత తక్కువని వినలేదు.

విధేయుడు,
వెంకట్రాజం


జనగామ,
జనవరి 1984

చిరంజీవి వెంకట్రాజానికి ఆశీస్సులు.

నీ అనుమానం నిజమే. మీ అక్కను విచారించగా ఈ విధంగా వాంగ్మూలం ఇచ్చింది:

"ఏటా గా కొసకే పెడ్త. మొకం ఎక్కడుంటే గక్కడే గద బొట్టు!"

రివాల్వర్ ముఖం ఎక్కడ ఉంటుందన్న విషయం మీద నా దగ్గర ఎదురు సాక్ష్యం లేదు. సారయ్య సూది తీసుకుని గీకాడు. కుంకుమ, దాని కింద పసుపు, దాని కింద గంధం, మళ్లీ కుంకుమ. అడుగున ఒక అక్షింత గింజ. పద్నాలుగు దసరాల భక్తి ఒక చిటికెడు పొడిగా రాలింది. పారేయబోతే మీ అక్క చేయి అడ్డం పెట్టి, "దేవుని బొట్టు గీకుడే గాక ఇసిరేస్తరా?" అని పొట్లం కట్టి దేవుని అర్రలో దాచింది.

తర్వాత బస్తా వేయబడింది. ఆరు తూటాలు పేల్చబడినవి. ప్రతి పేలుడు వెనకనే గాజులు గల్లుమన్నాయని సారయ్య రాస్తానంటున్నాడు. గోదాములో ఖాళీ సీసాలు ఉన్న సంగతి అతనికి తెలుసు.

కాగితం జతచేశాను. గుంపు అదే, రూపాయి బిళ్లంత. ఎడం అదే, నాలుగు వేళ్లు. కానీ ఈసారి చుక్కకు ఎడమవైపున! కుంకుమ పోయినా తుపాకీ బుద్ధి పోలేదు. ఇది మందులకు లొంగే జబ్బు కాదని నా అభిప్రాయం. కనుక నీవు శాఖ ముద్రతో ఒక ధ్రువపత్రం పంపగలవు: ఈ ఆయుధం లోపభూయిష్టమైనదని, లైసెన్సుదారు చేతిలో ఏ లోపమూ లేదని. దాన్ని మానుకోటలో చూపించి పరీక్ష తప్పించుకుంటాను. అవసరమైతే కేసముద్రంలో కూడా చూపిస్తాను.

కళ్లజోడు బాగైంది. సారయ్య చేత రాయించడం అలవాటైపోయింది.

ఈ ఏటి తూటాల కోటాలో ఇంకా కొన్నే ఉన్నాయి. త్వరపడగలవు.

రాజమౌళి


భూపాలపల్లి,
జనవరి 1984

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

సారయ్యా, ఇక్కడికి చదివి ఆపు. ఈ కాగితం అక్క చేతికి ఇచ్చి, నీవు పోయి తక్కెడ సరిగా ఉన్నదో లేదో చూడు. సరిగా ఉన్నదని నాకు తెలుసు. అయినా చూడు.

అక్కా, ఇక్కడి నుంచి నీవు పైకి చదివి బావకు వినిపించు. ఒకటి రెండు చోట్ల దాటేయాలని అనిపిస్తుంది. దాటేయకు.

విచారణ ఫలితం: రివాల్వర్ నిర్దోషి. ధ్రువపత్రం పంపడం వీలుపడదు.

కారణాలు. కుంకుమ గీకితే తూటాలు చుక్క మీదికి రావాలి. జబ్బు ఇంకేదో అయితే అవి కుడివైపునే ఉండాలి. చుక్కను దాటి అవతలికి పోయి, ఇంతకుముందు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచినట్టు అంతే దూరంలో, అంతే దగ్గర దగ్గరగా కూర్చోవడం తుపాకీ చేతనయ్యే పని కాదు. తుపాకీకి ఒకటే అలవాటు ఉంటుంది. ఎవరి మనసూ నొప్పించకూడదన్న ఆలోచన దానికి ఉండదు. రెండో కాగితం మీది చిల్లులు ఎక్కడ పడాలనుకున్నారో అక్కడే పడ్డాయి. తూటాను తలచిన చోట దించగల మనిషిని నేను జన్మలో ఒక్కరినే ఎరుగుదును. ఆమె చేతికి గాజులు ఉంటాయి.

బావా, మీకు ఈ సంగతి తెలియదు. పెద్దవంగరలో మా ఇంటి వాకిట్లో మేము గాజు గోటీలు ఆడేవాళ్లం. అక్క పెద్దది, నేను చిన్నవాణ్ణి. రోజూ నేనే గెలిచేవాణ్ణి. అక్క గోటీ ప్రతిసారి నా గోటీ పక్కనుంచి, నాలుగు వేళ్ల ఎడంలో పోయి ఆగేది. నేను వాడంతా చెప్పుకుని తిరిగాను. ఒకనాడు బాపు ఊళ్లో లేనప్పుడు, ఆమె వాకిట్లో నిలబడి, దొడ్డి చివర చింతకొమ్మకు ఉన్న ఒకే ఒక కాయను నేను చూపిస్తే, తొడిమ దగ్గర రాయితో కొట్టి కింద పడేసింది. ఆ కాయ తింటూ చాలాసేపు ఆలోచించాను. నాలుగు వేళ్లకు తగ్గితే గోటీ తగులుతుంది. పెరిగితే నేను గుర్తుపడతాను. ఆ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. మీ కాగితం మీద వేళ్లు ఆనించి చూసినప్పుడు, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ మా వాకిట్లో నిలబడ్డాను.

ఇక అసలు ప్రశ్న. బావా, చేయి ఎప్పటి నుంచి వణుకుతున్నది?

దీనికి సారయ్య దస్తూరీలో జవాబు వద్దు. మీ అక్షరాలు నేను చూసి చాలా కాలమైంది. మీరు కేసముద్రం పోక, ఆ గుడ్డ కింద చేయి పెట్టక కూడా అంతే కాలమైంది. ఎదుటివాడు ఆ వణుకును భయమనుకుని ధర తగ్గిస్తాడని కదా మీ బెంగ. తుపాకీకి ఇన్ని నెలలు పరీక్షలు చేశాం. బస్తా వేశాం, సూదితో గీకాం, అడవి శాఖను కదిలించాం. చేతికి ఒక్క పరీక్షా చేయలేదు. వణుకులో చాలా రకాలున్నాయని, కొన్నింటికి మందులున్నాయని ఇక్కడి డాక్టరు చెప్పాడు. వరంగల్లు పెద్ద దవాఖానకు పోండి. అక్కను వెంట తీసుకుపోండి.

లైసెన్సు విషయం. అందులో, లైసెన్సుదారు తరఫున ఆయుధం పట్టే మనిషి పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆ మనిషిని రిటైనర్ అంటారు. మీ లైసెన్సులో ఆ గడి పద్నాలుగేళ్లుగా ఖాళీగా ఉంది. ఆ పేరు ఆడవాళ్లది కాకూడదని నేను చదివిన ఏ నిబంధనలోనూ లేదు. చెదలు తిన్న పుటల సంగతి చెప్పలేను.

కోపం వస్తే నా మీద రానివ్వండి. నేను దూరంగా ఉన్నాను, తట్టుకుంటాను.

మీ వెంకట్రాజం


జనగామ,
ఫిబ్రవరి 1984

తమ్ముడు వెంకటికి అక్క దీవెనలు.

నీ సంగతి తర్వాత చెప్త. గా గోటీల ముచ్చట ఎందుకు రాసినవ్‌రా? నా నోటితోనే నా దొంగతనం సదివిపిస్తివి. నడుమ ఒక్కకాడ దాటేద్దామనుకున్న. మీ బావ నా మొకమే చూస్తుండు. దాటలేకపోయిన.

జరిగింది జరిగినట్టు చెప్త. దసరా ముంగటి పెత్రమాస కాడ్నించే ఆయన కుడిచెయ్యి వణుకుతున్నది. చాయ్ గిలాస పట్టుకుంటే సగం సాసర్ల పడ్తది. చలి అంటడు. గా ఎండల చలేంది? నేనూ చలే అన్న. ముందుగాల ఆయనే కాల్చిండు, అన్ని ఎటో పోయినయి. గా కాగితం నీకు పంపలే, పొయ్యిల ఏసిండు. నువ్వు బస్తా ముచ్చట రాసినంక నన్ను పిలిచి, "వనమాలా, నువ్వు కొట్టి చూడు. నీకు గూడ పక్కకు పోతే తుపాకిదే తప్పు" అన్నడు.

ఒట్టేసి చెప్తున్న, మొదటిపాలి నేను చుక్కనే చూసి కొట్టిన. అది కుడికి వోయింది. గప్పుడు ఆయన మొకం చూడాల్సింది నువ్వు. దసరా కాడ్నించి గట్ల నవ్వలే. జిలేబీ తెచ్చిండు. తర్వాత నువ్వేమో కుంకుమ గీకుమంటివి. గీకినంక చుక్కకే తగుల్తదని నాకు కొట్టకముందే ఎర్కయింది. తగిల్తే గా నవ్వు ఏమైతది? అందుకని పక్కకు కొట్టిన. ముందు ఏ పక్కకు వోయిందో యాదికి రాలే. నాలుగు వేళ్ల ఎడం మాత్రం యాదికున్నది. గంతే నా తప్పు.

నీ ఉత్తరం సదివినంక ఆయన లేచి, పిస్తోలు తెచ్చి నా చేతుల పెట్టి, "ఇగ చుక్కను కొట్టు" అన్నడు.

"ఎందుకు గిప్పుడు?" అన్న.

"నేను చూడాలె. కొట్టు."

కొట్టిన. చుక్క లేకుంట పోయింది. దాని జాగల బొక్క. ఆయన దగ్గరికి వోయి, గా బొక్కల వేలు పెట్టి చూసిండు. వేలు వణుకుతున్నది. దాచుకోలే.

"గంటే తుపాకి మంచిదేనాయె," అన్నడు.

"మంచిదే."

"నువ్వేందే, గిన్నేండ్ల సంది చెప్పలే, గిట్ల కొడ్తవని?"

"మీరెన్నడడిగిన్రు?"

గప్పుడు నవ్విండు రా వెంకటీ. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నడు. నేను చూడనట్టే లోపలికి వోయిన. నాలుగు వేళ్లో, నలభై వేళ్లో, మొత్తానికి పక్కకు చూసిన.

సోమారం వరంగల్లు పోతున్నం. నువ్వేం వండుకుంటున్నవో నాకు ఎర్కనే, రోజూ పప్పుచారు. సునందకు ఉత్తరం రాసిన. ఇగ దాచకు.

మీ అక్క
వనమాల


జనగామ,
మార్చి 1984

చిరంజీవి వెంకట్రాజానికి ఆశీస్సులు.

ఈ లేఖ నేనే రాస్తున్నాను. ఇందులో అక్షరాలు పెద్దవిగా ఉండి, పంక్తులు పైకీ కిందికీ పోతూ ఉంటే కాగితం దోషంగా నమోదు చేసుకో. మొదలుపెట్టి కొన్ని రోజులైంది. సారయ్య పక్కన నిలబడి, "నేను రాస్త గద," అని రోజూ అంటున్నాడు. తక్కెడ చూసుకొమ్మని పంపుతున్నాను.

వరంగల్లు డాక్టరు చేయి చాపమన్నాడు, ముక్కు తాకమన్నాడు, ఒక గిలాసలోని నీళ్లు ఇంకో గిలాసలో పోయమన్నాడు. ఆయన బల్ల తడిసింది. జబ్బు పేరు చెప్పాడు. పలకడానికే ఒక పూట పడుతుంది. పూర్తిగా పోదట. మందు వేసుకుంటే తగ్గుతుందట, ముందే వచ్చి ఉంటే ఇంకా మంచిదట. ఆ చివరి మాట దగ్గర మీ అక్క తల వంచుకుంది. వచ్చేటప్పుడు బస్సులో నేనే మాట కదిపాను. నన్ను సంతోషపెట్టినవాళ్ల మీద నేను ఫిర్యాదు దాఖలు చేయనని చెప్పాను.

మానుకోట పరీక్ష జరిగింది. నీవు కూడా వస్తావని ఎదురుచూశాం. నీ సెలవు దరఖాస్తు పరిశీలనలో ఉన్నదని తెలిసి, ప్రభుత్వం నీ సేవలను ఎంత విలువైనవిగా భావిస్తున్నదో అర్థం చేసుకున్నాం. మైదానంలో లైసెన్సుదారులు చాలామందే వచ్చారు. ఒకాయన తుపాకీ తుప్పు పట్టి తెరుచుకోలేదు. ఇంకొకాయన తూటాలు మరిచి వచ్చాడు. గురి తప్పిన చేతుల్లో నాది మొదటిది అవుతుందని ఇన్ని నెలలు బెంగపడ్డాను. గురి చూసేదాకా వచ్చిన వాళ్లే తక్కువ.

నా వంతు వచ్చినప్పుడు అధికారికి చేయి చూపించి, "సార్, ఇది వణుకుతున్నది. రిటైనర్‌ను తెచ్చిన," అన్నాను. ఆయన నా వెనక సారయ్యను చూశాడు. సారయ్య మీ అక్కను చూశాడు. మీ అక్క కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఈమెనా?" అన్నాడు అధికారి.

"గీమెనే సార్."

మీ అక్క రివాల్వర్ తీసుకుని చుక్కకు ఎదురుగా నిలబడింది. చప్పుళ్లు అయిపోయిన తర్వాత అధికారి స్వయంగా నడిచిపోయి కాగితం విప్పి తెచ్చుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. మీ అక్క ఇప్పుడు సర్కారు దస్తావేజుల్లో నా సాయుధ అనుచరురాలు. ఇంట్లో పరిస్థితి ఎప్పటి నుంచో అదే గనుక కొత్తగా మారిందేమీ లేదు.

మరునాడు కేసముద్రం పోయాను. దళారి యాకయ్య రుమాలు తీశాడు. గుడ్డ కింద చేయి పెట్టకముందే చెప్పాను:

"యాకయ్యా, చెయ్యి వణుకుతది. బేరం వణకది."

"నాకు బతుకమ్మ నాడే ఎర్క సావుకారీ," అన్నాడు. "మీరు చెప్పేదాక అడుగొద్దని ఊకున్న. అందరం ఊకున్నం. రాన్రి, చెయ్యి పెట్టున్రి."

పెట్టాను. అతను నా వేళ్లను కొంచెం గట్టిగా పట్టుకున్నాడు. ధర మాత్రం ఒక్క వేలు కూడా దిగలేదు. ఇద్దరమూ దిగలేదు. చివరికి ఎప్పటిలాగే అతనిదే పైచేయి అయింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇక చివరి అంశం. ఈ ఏటి కోటాలో ఒక తూటా మిగిలింది. నిన్న సాయంత్రం గోదాము వెనక మీ అక్క దాన్ని నింపి, రివాల్వర్ నాకు అందించింది. బస్తా వద్దన్నాను. కళ్లజోడు సర్దుకుని, మక్ఖీని గాడిలో నిలిపి, చుక్కను చూసి పేల్చాను. కాగితానికి ఏమీ కాలేదు. గోడకు ఏమీ కాలేదు. అవతల కట్టమ్మ గొంతు వినబడింది: "సావుకారీ, మళ్ల మీరేనా?"

మీ అక్క నా చేతిలోంచి రివాల్వర్ తీసుకుంది. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, గొట్టం కొసను కొంగుతో తుడిచి, కళ్లు చిన్నవి చేసి చాలాసేపు పరీక్షించింది.

"దీంట్లనే ఏదో ఉన్నది," అన్నది.

నీ నివేదిక, నీ పుస్తకం, మానుకోట అధికారి దాచుకున్న కాగితం, అన్నీ నాకు గుర్తే. అయినా, దోషి తుపాకీయే అని ఇద్దరమూ ఏకగ్రీవంగా తీర్మానించి, లోపలికి పోయి చాయ్ తాగాం. సాసర్‌లో పడినది మీ అక్క తాగింది.

ఆశీస్సులతో,
నీ బావ
రాజమౌళి (స్వదస్తూరీ)